స్టోరేజ్ హీటరా, ప్యానెల్ హీటరా?

బ్రిటన్‌లో గ్యాస్ లేని ఫ్లాటు అద్దెకు తీసుకునే మన వాళ్లకు చలికాలంలో ఎదురయ్యే ప్రశ్న ఇది.

స్టోరేజ్ హీటర్ లోపల దట్టమైన ఇటుకలుంటాయి. రాత్రి చౌక కరెంటుతో కాగి, పగలంతా ఆ వేడిని మెల్లగా వదులుతాయి. 'ఎకానమీ 7' అనే టారిఫ్‌లో (కరెంటు ధరల పథకంలో) ఆ చౌక వేళ 7 గంటలు. పగటి ధర మాత్రం ఎక్కువ. ప్యానెల్ హీటర్‌కు నిల్వ లేదు. మీట నొక్కగానే వేడెక్కడం మొదలవుతుంది, ఆ వేళ ఉన్న ధరే పడుతుంది. యూనిట్ కరెంటుకు రెండూ ఇచ్చే వేడి ఒకటే, తేడా అంతా కరెంటు ఏ వేళ వాడామన్నదే.

పసిపిల్లలో పెద్దవాళ్లో పగలంతా ఇంట్లో ఉంటే నా ఓటు స్టోరేజ్ హీటర్‌కే. అయితే రేపటి చలిని ఈ రాత్రే అంచనా వేసుకోవాలి. పాత రకాల్లో రెండు మీటలుంటాయి: రాత్రి ఎంత వేడి నింపాలో 'ఇన్‌పుట్' చెబుతుంది, ఎంత త్వరగా వదలాలో 'అవుట్‌పుట్' చెబుతుంది. అవుట్‌పుట్‌ను పూర్తిగా తెరిచి పడుకుంటే వేడి ముందే పోయి, సాయంత్రానికి ఇటుకలు చల్లబడతాయి. హీటర్ పాడైందని చాలామంది బెంగపడేది అప్పుడే! పడుకునే ముందు అవుట్‌పుట్‌ను తప్పక తగ్గించండి.

ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ఒంటరి ఉద్యోగికి ప్యానెల్ హీటరే మేలు, అదీ రోజంతా ఒకే ధర ఉండే టారిఫ్‌తో. తడి బట్టలు మాత్రం రెండింటి మీదా ఆరవేయకండి.