తొమ్మిదేళ్లుగా యోగా క్లాసులు: లెవెల్ బోర్డు చూసి చేరకండి

నేను యోగా మొదలుపెట్టి తొమ్మిదేళ్లు దాటింది. మామూలు హఠయోగ క్లాసుతో మొదలై విన్యాస ఫ్లో, అయ్యంగార్, అష్టాంగ, యిన్ వరకూ వేర్వేరు యోగా పద్ధతులు చేశాను. ఒక్కోదాంట్లో కనీసం ఏడాది ఉన్నాను. కొత్తవాళ్లు ఎవరు కలిసినా "బిగినర్స్‌లో చేరాలా, ఇంటర్మీడియెట్‌లోనా?" అని అడుగుతారు. క్లాసులో ఎంతమంది ఉంటారు, టీచర్ ఒక్కొక్కరినీ చూసి సరిచేస్తారా అని ముందు కనుక్కోమంటాను. ఇది నాకు భుజం నొప్పి వచ్చాక తెలిసింది.

రెండో ఏడాది విన్యాస ఫ్లో లెవెల్ 2లో చేరాను. శ్వాసతో పాటు ఒక ఆసనంలోంచి ఇంకోదానిలోకి ఆగకుండా వెళ్లడం నాకు చాలా నచ్చింది. కానీ గంట క్లాసులో చతురంగ దండాసనం (పుషప్‌లో సగం కిందికి దిగి ఆగినట్టుండే ఆసనం) పాతికసార్లు తక్కువ కాకుండా వచ్చేది. అలిసిపోయేసరికి నా భుజాలు మోచేతుల కంటే కిందికి జారిపోయేవి. ముప్పైమంది ఉన్న హాల్లో అది ఎవరి కంటా పడలేదు. మూడు నెలలకి కుడి చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేని పరిస్థితి వచ్చింది.

నొప్పి తగ్గాక అయ్యంగార్ క్లాసుకి వెళ్లాను. అక్కడ దుప్పట్లు, చెక్క బ్లాకులు, బెల్టులు, కుర్చీలు చూసి ఇదేదో పెద్దవాళ్ల కోసమేమో అనుకున్నాను. మొదటి నెలంతా దాదాపు నిలబడి చేసే ఆసనాలే. త్రికోణాసనంలో నా వేళ్లు నేలని తాకుతున్నాయని నాకు సంతోషంగా ఉండేది. టీచర్ వచ్చి చేతి కింద బ్లాకు పెట్టి, "చెయ్యి ఎంత కిందికెళ్లిందో కాదమ్మా, ఛాతీ ఎటు తిరిగిందో చూసుకోండి" అన్నారు. బ్లాకు మీదికి చెయ్యి రాగానే పక్కటెముకలు విచ్చుకుని ఊపిరి హాయిగా ఆడింది. రెండేళ్లుగా ఆ ఆసనం తప్పు చేస్తున్నానని ఆ క్షణంలో అర్థమైంది. సర్వాంగాసనానికి, అంటే భుజాల మీద ఆని ఒళ్లంతా పైకెత్తేదానికి, భుజాల కింద మడత దుప్పట్లు వేసి, తల మాత్రం నేల మీద ఉంచేవారు. మెడ మీద బరువు పడకుండా అది ఎంత కాపాడుతుందో చేస్తే తెలుస్తుంది. క్లాసు నెమ్మదిగా నడుస్తుంది, చెమట పట్టాలనుకునేవాళ్లకి విసుగు రావచ్చు.

అష్టాంగ దీనికి పూర్తిగా వేరు. అయ్యంగార్ పద్ధతి తెచ్చిన బి.కె.ఎస్. అయ్యంగార్, అష్టాంగని వ్యాప్తి చేసిన పట్టాభి జోయిస్ ఇద్దరూ మైసూరులో కృష్ణమాచార్య దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఒకే గురువు దగ్గర్నుంచి ఇంత వేర్వేరు పద్ధతులు రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అష్టాంగలో ఆసనాల వరుస మారదు. సూర్యనమస్కారాలతో మొదలుపెట్టి ప్రైమరీ సిరీస్ (అష్టాంగలో మొదటి ఆసనాల వరుస) అదే క్రమంలో చెయ్యాలి. మైసూరు పద్ధతి క్లాసులో ఎవరి శ్వాసతో వాళ్లు చేసుకుంటూ పోతారు. ఒక ఆసనం కుదిరాకే టీచర్ తర్వాతది ఇస్తారు. పక్కన పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, ఇటు మొదటి వారం వాళ్లు, అందరూ ఒకే గదిలో. ఆ వరుసలో నడుము మెలితిప్పే మరీచ్యాసనం డి దగ్గర నేను ఎనిమిది నెలలు ఆగిపోయాను, అయినా టీచర్ తొందరపెట్టలేదు. నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే. పొద్దున్నే వారానికి ఐదారు రోజులు రాగలిగితేనే చేరండి.

వేడి గదిలో చేసే క్లాసుకి మూడుసార్లే వెళ్లాను. కళ్లు తిరిగి మానేశాను, కాబట్టి దాని గురించి చెప్పను. యిన్ మాత్రం చూడ్డానికి తేలిక. ఒక్కో ఆసనంలో మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. ఒళ్లు బాగా వంగేవాళ్లు మరీ లోతుకి వెళ్లిపోయి తుంటి నొప్పి తెచ్చుకోవడం చూశాను. సాగుతున్నట్టు ఉంటే ఉండొచ్చు, కీలులో పోటు వస్తే వెంటనే బయటికి రావాలి.

ఇప్పుడు వారంలో నాలుగు రోజులు అష్టాంగ, ఒకరోజు అయ్యంగార్ చేస్తున్నాను. అలసటతో ఊపిరి చప్పుడు గరగరలాడితే ఆ రోజు చతురంగానికి మోకాళ్లు నేలకి ఆనిస్తాను. కుడి భుజం మళ్లీ నొప్పెట్టలేదు.