పైకప్పు కింద తన్నే గుర్రానికి ట్రైనింగ్: ఒహాయోలో ఒక బార్న్ గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఐదుకి నాలుగు. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద రాశాను. కొలంబస్ దాటాక మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న చిన్న బార్న్ (గుర్రాల శాల) ఇది. ఒకటి రెండు చేదు మాటలు కూడా రాయాలి కాబట్టి పేరు పెట్టడం లేదు. చలికాలంలో మన గుర్రాన్ని ట్రైలర్‌లో తీసుకెళ్తే, వాళ్ళ ఇన్‌డోర్‌లో, అంటే పైకప్పున్న అరీనాలో, క్లాసు లెక్కన జంపింగ్ ట్రైనింగ్ ఇస్తారు. నేను వెళ్ళింది దానికోసమే.

మా చింటూ థరోబ్రెడ్, అంటే రేసుల కోసం పెంచే జాతి గుర్రం. రేసుల నుంచి రిటైరై నా దగ్గరికి వచ్చాడు. (నేను మలక్‌పేటలో రేస్‌కోర్సుకి దగ్గర్లోనే పెరిగాను. రేసు గుర్రాన్ని కొన్నానని చెప్తే మా నాన్న "ఎంత పోయింది?" అని మాత్రమే అడిగారు.) ఎండాకాలంలో బయట గడ్డి మీద వీడంత బుద్ధిమంతుడు లేడు. చెవులు ముందుకి పెట్టి మూడడుగుల ఫెన్స్ (దూకడానికి పెట్టే అడ్డు) హాయిగా దూకుతాడు. నవంబర్‌లో పైకప్పు కిందకి వెళ్ళామా, ఇక గొడవే. ఫెన్స్ దూకుతాడు, కాళ్ళు నేలకి తాకగానే తల కిందకి దించి వెనక కాళ్ళు గాల్లోకి విసురుతాడు, ఆ ఊపులోనే నన్ను తలుపు వైపు లాక్కెళ్తాడు. ఫెన్స్ తలుపు పక్కనే ఉంటే అసలు దూకడు. చివరి క్షణంలో పక్కకి జారుకుంటాడు.

ట్రైనర్ నాకు ఫోన్‌లోనే నచ్చింది. నేను కథంతా చెప్పాక ఆవిడ అడిగిన మొదటి మాట, "వెట్‌కి చూపించారా? జీను ఎప్పుడు చెక్ చేయించారు?" దిగాక తన్నే గుర్రానికి ముందు వీపు, కాళ్ళు, పళ్ళు, కడుపులో అల్సర్లు చూపించాలి, అవన్నీ అయ్యాకే నా దగ్గరికి తీసుకురండి అంది. వచ్చే డబ్బుని వారం వెనక్కి నెట్టే మనిషి ఈ రోజుల్లో ఎక్కడుంది! వెట్ వీపంతా నొక్కి చూసి, పరిగెత్తించి చూసి బాగానే ఉందన్నాడు. జీను మాత్రం బిగుతైంది. వేసవంతా పనిచేసి వీడు భుజాల దగ్గర కండ పట్టాడు, జీను పాత కొలతలోనే ఉండిపోయింది. ఫిట్టర్ వచ్చి వెడల్పు సరిచేశాక తన్నడం కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

మొదటి క్లాసులో ఒక్క ఫెన్స్ కూడా దూకించలేదు. అంత డబ్బు కట్టి గుర్రాన్ని పగ్గం పట్టుకుని నడిపించడమేమిటని నాకు లోపల కొంచెం మండింది. కానీ ఆవిడ చెప్పిన కారణం విన్నాక నోరు మెదపలేదు. బయట మంచు మీద ఎండ కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉంటుంది, లోపల మసక. గుర్రం చీకట్లో మనకంటే బాగానే చూస్తుంది గానీ, వెలుగులోంచి చీకట్లోకి వచ్చినప్పుడు దాని కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. ట్రైలర్‌లోంచి దింపి, పది నిమిషాలు తిప్పి ఫెన్స్ మీదకి తోలితే అది సగం గుడ్డిగా దూకుతున్నట్టే. పైగా దానికి సరిగ్గా నుదుటి ముందు కొంత మేర అసలు కనబడదు. అందుకే దగ్గరికి వచ్చాక తల పైకెత్తి చూసుకోవాలనుకుంటుంది, మనం భయంతో పగ్గాలు లాగితే ఆ కాస్త చూపు కూడా పోతుంది. తలుపు సందులోంచి నేల మీద పడే ఎండ చార ఒకటి ఉంది. మనకి అది వెలుగు. వాడికి అదో గొయ్యి. ఆ చార మీద నుంచి అటూ ఇటూ నడిపించి, నిలబెట్టి, తల దించి వాసన చూసేదాకా ఆగింది ఆవిడ. గోడకున్న అద్దాల దగ్గర కూడా అంతే. లైట్లన్నీ వేశాకే మమ్మల్ని లోపలికి రానిస్తుంది.

ఫెన్స్ పోల్స్ (అడ్డ కర్రలు) రంగు కూడా మార్పించింది. గుర్రాలకి ఎరుపు, నారింజ మనకి కనిపించినట్టు కొట్టొచ్చినట్టు కనిపించవు. బ్రిటన్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధన తర్వాత, రేసు ఫెన్సుల మీది నారింజ గుర్తులు తీసి తెలుపు వేయడం 2022లో మొదలుపెట్టారు. మా ట్రైనర్ మసకగా ఉండే మూలలో తెల్ల పోల్స్ పెట్టి, కింద నేల మీద ఇంకో పోల్ వేసింది. చింటూ పక్కకి జారడం అప్పటి నుంచే తగ్గడం నేను గమనించాను.

ఇక అసలు తన్నుడు. వాళ్ళ ఇన్‌డోర్ 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు. క్యాంటర్‌లో (దౌడు కన్నా నెమ్మదైన పరుగు) ఒక స్ట్రైడ్, అంటే ఒక అంగ, సుమారు 12 అడుగులు, అంటే అడ్డంగా చూస్తే ఐదారు స్ట్రైడ్లకే గోడ వచ్చేస్తుంది. బయట మైదానంలో దిగాక గుర్రానికి సర్దుకునే చోటు ఉంటుంది. ఇక్కడ ఎదురుగా గోడ, నోట్లో కళ్ళెం, పైన బిగుసుకుపోయిన మనిషి. తన్నక ఏం చేస్తాడు? ఆవిడ ఫెన్స్‌ని పొడవు వైపుకి మార్చింది. ట్రాట్‌లోనే (క్యాంటర్ కన్నా నెమ్మది) రమ్మని, ఫెన్స్‌కి 9 అడుగుల ముందు ఒక పోల్, దిగాక ఇంచుమించు అంతే దూరంలో ఇంకో పోల్ వేసింది. దిగగానే కాళ్ళ దగ్గర పోల్ ఉంటే గుర్రం దాన్ని చూసుకోవాలి. చూసుకుంటూ తన్నడం కష్టం. ఫెన్స్ ఎత్తు మోకాలి దాకా కూడా లేదు. నన్ను పైకి గట్టిగా స్ట్రైడ్లు లెక్కపెట్టమంది, ఎందుకంటే లెక్కపెడుతూ ఊపిరి బిగబట్టలేం.

ఇంకో సంగతి వీడు రేసు గుర్రం కావడం వల్ల వచ్చింది. అమెరికాలో రేసులు ఎడమ వైపుకే తిరుగుతాయి. చింటూకి ఎడమ మలుపు నిద్రలో కూడా వచ్చు, కుడి మలుపులో మాత్రం ఒళ్ళంతా కర్రలా బిగుస్తుంది. తన్నుడు ఎక్కువగా కుడి మూలకి వెళ్ళేటప్పుడే అని ఆవిడ మొదటి వీడియో చూసే పట్టేసింది. ఆ తర్వాత సగం పని కుడి వైపు వృత్తాల మీదే, నేల మీది పోల్స్ తోనే నడిచింది. చూసేవాళ్ళకి బోరే. నాకు మాత్రం పెట్టిన ప్రతి డాలరూ అక్కడే కిట్టింది.

రేకుల కప్పు మీంచి మంచు జారినప్పుడు వచ్చే చప్పుడుకి ఎవరూ ఏమీ చేయలేరు. చెవులకి దూది ఉండలు, పైన బానెట్ (చెవుల టోపీ) వేస్తే కాస్త నయం. పోటీకి అలా వెళ్ళేముందు అక్కడి రూల్స్ చూసుకోండి.

ఇప్పుడు ఆ పోయిన స్టార్. ఒక రోజు ఆవిడ లేదు, అసిస్టెంట్ వచ్చాడు. తలుపు దగ్గర చింటూ ఆగగానే, నన్ను అడగకుండా వెనక నుంచి కొరడా ఝళిపించాడు. చింటూ దూకాడు, దూకి ఎన్నడూ లేనంతగా తన్నాడు. నేను అక్కడే దిగిపోయాను. అడిగితేనే సగం ఫీజు వెనక్కి ఇచ్చారు. గ్రూప్ క్లాసు కూడా ఇలాంటి గుర్రాలకి వద్దు. అంత చోటులో ఐదు గుర్రాలు తిరుగుతుంటే వీడు ఫెన్స్ కాదు, వెనకొచ్చే గుర్రాన్ని చూస్తాడు. రోడ్ల మీద ఐస్ ఉన్నా సరే 24 గంటల ముందు చెప్పకపోతే మొత్తం ఫీజు కట్టాల్సిందే, ట్రైలర్ లాగేవాళ్ళకి అది న్యాయం కాదు. ప్రైవేట్ క్లాసు 45 నిమిషాలకి 90 డాలర్లు, అరీనా ఫీజు 30 వేరుగా. వెయిటింగ్ రూమ్‌లో హీటర్ ఉంది, పనిచేయదు. కాఫీ ఇంటి నుంచి తెచ్చుకోండి.

కొలంబస్ పక్కనున్న మన డబ్లిన్ వైపు తెలుగువాళ్ళు కొందరు పిల్లల్ని ఇక్కడ చేర్చొచ్చా అని అడిగారు. బార్న్ వాళ్ళ ముసలి గుర్రాల మీద నేర్చుకోవడానికైతే నిక్షేపంగా చేర్చండి. ఇంట్లో తన్నే గుర్రం ఉండి, పిల్లే దాన్ని సరిచేస్తుందని పంపేటట్టయితే వద్దు. ఆ పని పెద్దవాళ్ళది.

ఫిబ్రవరిలో విల్మింగ్టన్‌లోని వరల్డ్ ఈక్వెస్ట్రియన్ సెంటర్‌కి వెళ్ళాం. చలికాలం పోటీలన్నీ అక్కడ పైకప్పు కిందే జరుగుతాయి. రెండున్నర అడుగుల ఫెన్సుల విభాగంలో, గేటు పక్క ఫెన్స్ దగ్గర వీడు ఒకసారి ఆగాడు, 4 ఫాల్ట్స్ (తప్పు పాయింట్లు). రెండోసారి దూకాడు. రౌండ్ మొత్తంలో తన్నలేదు. కుడి మూలలో ఒకసారి తోక మాత్రం విసిరాడు, అది వాడి హక్కు. వచ్చే చలికాలానికి మళ్ళీ బుక్ చేశాను. ప్రైవేట్ మాత్రమే, అదీ ఆవిడే నేర్పాలి అని మెసేజ్‌లో రాయించుకున్నాను. మీరు వెళ్ళినా అది ముందే రాయించుకోండి.