మెష్ నెట్‌వర్క్‌లో ప్యాకెట్ పోతే మళ్లీ పంపాలా, కలిపి పంపాలా? ఏది మేలు?

వైఫై రౌటర్లు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ డేటాను ముందుకు నడిపేదే మెష్ నెట్‌వర్క్. గమ్యం చేరాలంటే ఐదు హాప్‌లు (ఒక రౌటర్ నుంచి మరో రౌటర్‌కు గెంతులు) దాటాలనుకుందాం. ఒక్కో హాప్‌లో నూటికి 80 ప్యాకెట్లు (డేటా ముక్కలు) అందుతున్నాయి. వినడానికి బాగానే ఉంది గానీ, ఐదూ దాటేసరికి మిగిలేది 33.

పోయినదాన్ని ఎవరు మళ్లీ పంపాలి? డేటా పూర్తిగా చేరిందో లేదో రెండు చివరల కంప్యూటర్లు చూసుకునే పద్ధతి టీసీపీ. దాని లెక్కన మొదట పంపిన కంప్యూటరే పంపాలి. అలా ఒక్క ప్యాకెట్ గమ్యం చేరడానికి అన్ని రౌటర్లూ కలిసి సగటున 10 సార్లకు పైగా ప్రసారం చేయాల్సి వస్తుంది. ఎక్కడ పోతే అక్కడి రౌటరే మళ్లీ పంపితే 6.25 చాలు. పైగా గోడ అడ్డొచ్చి ప్యాకెట్ పోయినా, రద్దీ వల్లే పోయిందనుకుని టీసీపీ వేగం తగ్గించేస్తుంది. అందుకే వైఫై ఏ హాప్‌లో పోయింది ఆ హాప్‌లోనే సరిచేసుకుంటుంది. కొన్నిసార్లు ప్రయత్నించి అదీ వదిలేస్తుంది కాబట్టి, చివరి భరోసాగా పైన టీసీపీ ఉండాల్సిందే.

అసలు పోటీ నెట్‌వర్క్ కోడింగ్‌తో. 2000లో ఆల్స్‌వేడె, కాయ్, లీ, యంగ్ రాసిన పరిశోధన పత్రంతో ఈ ఆలోచన నిలదొక్కుకుంది. మధ్యలోని రౌటర్ అందుకున్నది అందుకున్నట్టే పంపకుండా, కలిపి పంపుతుంది.

చిన్న లెక్క చూడండి. పంపినవి రెండు ప్యాకెట్లు: 101, 110. రౌటర్ రెండూ విన్నది. గాలిలో పోయే మాట కదా, దూరంగా ఉన్న గమ్యానికి కూడా అందులో ఒకటి చెవిన పడింది. ఏది పడిందో రౌటర్‌కు తెలీదు. అందుకని రెండింటినీ ఎక్సార్ చేసి (అంకెలు ఒకటే అయితే 0, వేరైతే 1) 011 పంపుతుంది. గమ్యం దగ్గర 101 ఉంటే, దానితో 011ని ఎక్సార్ చేస్తే 110 వస్తుంది. 110 ఉంటే 101 వస్తుంది. ఏది పోయిందని అడగకుండానే పోయింది దొరికింది! ఎన్నిసార్లు చేసి చూసినా నాకు ఇది అబ్బురంగానే ఉంటుంది.

ఎంఐటీ వాళ్లు 2007లో చేసిన ‘మోర్’ దీన్నే పెద్ద ఎత్తున చేసింది. 32 ప్యాకెట్లను ఒక బ్యాచ్‌గా తీసుకుని, యాదృచ్ఛిక గుణకాలతో కలిపి పంపడం. ఒక్కో మిశ్రమం ఒక సమీకరణం లాంటిది. స్వతంత్రమైన 32 సమీకరణాలు చేరితే చాలు, గమ్యం అన్నింటినీ విప్పుకుంటుంది. వాళ్ల 20 నోడ్‌ల (నెట్‌వర్క్‌లోని పరికరాల) నెట్‌వర్క్‌లో, కోడింగ్ లేని ‘ఎక్సార్’ రౌటింగ్ పద్ధతి కంటే (పేరు ఒకటే, పైన చేసిన లెక్కకు సంబంధం లేదు) మధ్యస్థ వేగం 22 శాతం పెరిగింది. ఒకే డేటా పలువురికి పంపినప్పుడు లాభం 35 నుంచి 200 శాతం దాకా వెళ్లింది.

ఆ తేడా ఎందుకో ఇట్టే తెలుస్తుంది. పది నోడ్‌లకు ఒకే ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) పంపుతున్నారు, ఒక్కొక్కటి ఒక్కో వేరే ప్యాకెట్ పోగొట్టుకుంది. మళ్లీ పంపాలంటే పది ప్యాకెట్లు. ఆ పదింటినీ కలిపిన ఒక్క ప్యాకెట్ అందరికీ అందితే పని అయిపోయినట్టే.

అలాగని అన్నిచోట్లా కోడింగ్ పెట్టమనను. ‘మోర్’కు ముందు ఏడాది వచ్చిన ‘కోప్’ అనే కోడింగ్ పద్ధతి వేర్వేరు వాళ్ల ట్రాఫిక్‌ను కలిపింది. రద్దీలో యూడీపీకి (పోయినవాటిని మళ్లీ పంపని పద్ధతి) 3-4 రెట్లు లాభం వచ్చినా, ఒకదాని మాట ఒకటి వినలేని నోడ్‌లు ఢీకొనే చోట టీసీపీకి దక్కింది 2-3 శాతమే. ఫోన్ కాల్‌కైతే బ్యాచ్ నిండేదాకా ఆగే ఓపిక ఉండదు. చిన్న మెసేజ్‌కు బ్యాచే నిండదు. వీటికి హాప్ హాప్‌కు మళ్లీ పంపడమే మేలు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది మరొకటి. ఒక్క చెడ్డ నోడ్ ఒక్క తప్పుడు ప్యాకెట్ కలిపితే, దారిలో అది మిగతావాటిలోకి పాకి బ్యాచ్ మొత్తం పాడవుతుంది. ప్రతి రౌటర్ కొత్త మిశ్రమం తయారుచేస్తుంది కాబట్టి, పంపినవారు చేసిన మామూలు డిజిటల్ సంతకం అక్కడ చెల్లదు. కలిపినా చెల్లే ప్రత్యేక సంతకాలు ఉన్నాయి గానీ, చిన్న రౌటర్ ప్రాసెసర్‌కు అవి మోయలేని బరువు. ఎవరైనా వచ్చి చేరగల కమ్యూనిటీ మెష్‌లో ఆ రక్షణ లేకుండా కోడింగ్ పెట్టొద్దు. నోడ్‌లన్నీ మీ చేతిలోనే ఉండి, పెద్ద ఫైలు పదిమందికి పంపాలంటే మాత్రం వెనకాడకుండా పెట్టండి.