హజ్జా నది మీద ఇంటి బీరు

సెయింట్ లూయిస్‌లో ఉండే మనవాళ్లకి వేసవి వచ్చిందంటే ఫ్లోట్ ట్రిప్పే, అంటే పడవలో నది వాలున తేలుతూ పోవడం. ఐ-44 హైవే పట్టుకుని గంటన్నర పోతే స్టీల్‌విల్ అనే ఊరు. అక్కడ పడవ అద్దెకి తీసుకుంటే హజ్జా నది మెల్లగా మనల్ని మెరమెక్ నది వైపు మోసుకుపోతుంది. ఈసారి డబ్బా బీరు వద్దు, నేను ఇంట్లో కాచిందే పట్టుకెళ్దామని పంతం పట్టాను.

నా దగ్గర సీసాలు బోలెడున్నాయి గానీ మిస్సోరీ నదుల్లో పడవల మీద గాజు నిషేధం. పోనీ కెగ్ (కొళాయి బిగించి బీరు పట్టుకునే లోహపు పీపా) అంటే, మామూలుగా మేం వాడేది 5 గ్యాలన్లది. 4 గ్యాలన్లు దాటిన మందు పాత్రని నదిలోకి తేకూడదని రాష్ట్ర చట్టం. చివరికి ఒక మిత్రుడి దగ్గర రెండున్నర గ్యాలన్ల బుల్లి కెగ్ అరువు తెచ్చాను. తొమ్మిదిన్నర లీటర్లు, నలుగురికి చాలు. బీరు అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి కదలకుండా తేట బీరు మాత్రమే అందులోకి మార్చాను. ఈ ఒక్క పని మానొద్దు, ఎందుకంటే పడవ దగ్గరికి తీసుకెళ్లే బస్సు కంకర రోడ్డు మీద మనల్నే గిలక్కొడుతుంది.

ముందురోజు రాత్రి దిగిన క్యాబిన్ గురించి ఎక్కువ చెప్పను. పక్కలు శుభ్రం, ఏసీ మాత్రం పిండిమర. ఫ్రిజ్‌లో కెగ్ కాదు కదా, పెరుగు డబ్బా కూడా అడ్డంగా పెట్టాల్సొచ్చింది. పొద్దున పెట్రోల్ బంకులో పది పౌండ్ల ఐసు సంచులు రెండు కొని, గుండ్రటి మంచినీళ్ల కూలర్‌లో కెగ్ నిలబెట్టి చుట్టూ ఐసు పోశాం. పైన రెండు చెంబుల నీళ్లు కూడా. ఉత్త ఐసైతే మధ్యలో ఖాళీలుంటాయి, నీళ్లు కలిస్తేనే చల్లదనం కెగ్గుని అంటుకుంటుంది.

పడవల్లో సన్నటి కనూ చవకే గానీ బోల్తా పడితే అన్నీ నదిపాలు. గాలి నింపిన వెడల్పాటి రాఫ్ట్ తీసుకోండి. లోతు తక్కువైన చోట దిగి లాగాలి, నడుం పట్టేస్తుంది. అయినా నా ఓటు దానికే.

మొదటి ఇసుకతిన్నె దగ్గర ఆగి కొళాయి నొక్కాను. గ్లాసు నిండా నురగ. రెండోదీ అంతే.

"బావా, ఇది బీరా, సర్ఫు నీళ్లా?" అన్నాడు మా బామ్మర్ది.

తప్పు నాదే. కెగ్ ఐసులో ఉంది గానీ కెగ్ నుంచి కొళాయికి వెళ్లే గొట్టం గంటసేపు ఎండలో కాగింది. చల్లటి బీరు వేడి గొట్టంలోకి రాగానే అందులోని గ్యాసంతా ఒక్కసారి లేచిపోతుంది. పైగా బస్సు కుదుపులు. గొట్టం చుట్టచుట్టి ఐసునీళ్లలో ముంచి, కెగ్ మీది వాల్వు లాగి కాస్త ఒత్తిడి వదిలేసి పావుగంట ఊరుకున్నాం. ఈసారి రెండు వేళ్ల నురగ, కింద తేనెరంగు బీరు. గ్లాసు బయట చెమటలు పట్టాయి. మా బామ్మర్ది నోరెత్తలేదు.

శనివారం వెళ్లకండి, నది నిండా స్పీకర్లే. మేం ఆదివారం వెళ్లినా పక్క రాఫ్టాయన కొళాయి చూసి తడిసిన పది డాలర్ల నోటు ఊపాడు. ఇంట్లో కాచింది అమ్మకూడదు. గ్లాసు ఊరికే ఇస్తే, సగం పుచ్చకాయ మా పడవలోకి దొర్లించాడు.