మొగల్రాజపురంలో థెరపీ సెంటర్, 8 నెలల తర్వాత (5కి 3 స్టార్లు)

మావాడికి 6 ఏళ్ళు, ఆటిజం. పోయిన ఏడాది నుంచి విజయవాడలో మొగల్రాజపురం వైపు ఒక సెంటర్‌కి తిప్పుతున్నాం, పేరు పెట్టను, కానీ సెంటర్ వెతుక్కునేవాళ్ళు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నా.

స్పీచ్ మేడమ్ మాత్రం బంగారం అండి. వెళ్ళిన కొత్తలో "అమ్మ", "బువ్వ" తప్ప ఏం లేదు, ఇప్పుడు "నీళ్ళు ఇవ్వు", "ఇంటికి పోదాం" అంటున్నాడు, ఆ 3 స్టార్లూ ఆవిడవే.

ఇంక ఓనర్ గారి సంగతి. మొదటిరోజే "అయిదేళ్ళు దాటాక మాట రాకపోతే ఇంక లైఫ్ అంతే సార్, రోజుకి రెండు సెషన్ల ప్యాకేజీ తీసుకోండి" అన్నాడు, ఆ రాత్రి మా ఆవిడ అన్నం కూడా తినలేదు. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, ఆయన చెప్పింది సగం నిజం, అందుకే ఇంకా ఒళ్ళు మండింది. అయిదేళ్ళకి పనికొచ్చే మాట ఉంటే పెద్దయ్యాక బాగుండే ఛాన్స్ ఎక్కువని 1950ల నుంచీ అంటున్నారు, కరెక్టే. కానీ 2013లో అమెరికావాళ్ళు ఆటిజం ఉండి 4 ఏళ్ళకి మాట బాగా వెనకబడిన 535 మంది పిల్లల్ని చూస్తే 70 శాతం మందికి ఆ తర్వాత చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి, 47 శాతం మంది గడగడా మాట్లాడారు. ఈ ముక్క ప్యాకేజీ అమ్మేవాడు చెప్పడు కదా.

ఐక్యూ, అంటే తెలివితేటల స్కోరు, దాని సంగతీ అంతే. 2004లో లండన్‌లో ఆటిజం ఉన్న 68 మందిని పెద్దయ్యాక చూశారు, చిన్నప్పుడు ఐక్యూ 70 దాటినవాళ్ళు మొత్తం మీద మెరుగే, అయితే వాళ్ళలో కూడా ఒకరికీ ఇంకొకరికీ పొంతన లేదు. గుంటూరులో మా చిన్నాన్న కొడుకునే చూడండి, టెన్త్‌లో 9 పాయింట్లు, ఇప్పుడు 23 ఏళ్ళు, బ్రాడీపేటలో రోడ్డు దాటి పెరుగు ప్యాకెట్ తేలేడు, ఎందుకంటే చదువు పోతుందని చిన్నప్పుడు ఏ పనీ చెప్పలేదు. 2009లో అమెరికాలో యూటాలో 41 మంది మీద వచ్చిన స్టడీలో కూడా పెద్దయ్యాక బతుకు ఎలా ఉందన్నదానికి ఐక్యూ కంటే రోజువారీ సొంత పనులే దగ్గరగా కలిశాయి.

అది చదివాక వెళ్ళి స్నానం, చొక్కా గుండీలు, డబ్బులిచ్చి చిల్లర తీసుకోవడం గోల్స్‌లో పెట్టండి అని అడిగా. "అవి ఇంట్లో నేర్పుకోండి సార్" అన్నారు. నెల రిపోర్ట్ తీస్తే రంగులు, పజిల్, ఫ్లాష్ కార్డులు, మళ్ళీ రంగులు. అన్నిటికన్నా ఘోరం ఏంటంటే బాత్రూమ్‌కి తాళం, పిల్లలు తడిపేస్తున్నారంట, డైపర్ వేసి పంపమన్నారు! ఇంట్లో మూడు నెలలు తంటాలుపడి మాన్పించిన డైపర్ అండి అది. లోపల ఏం చేస్తున్నారో చూద్దామంటే అద్దానికి కర్టెన్, మేం చూస్తే కదా ఇంట్లో అదే చేయించేది.

ప్యాకేజీ ఆపేశాం, వారానికి మూడురోజులు స్పీచ్ ఒక్కటే. గుండీలు మా అమ్మ చూసుకుంటోంది, రెండు పెట్టుకుంటున్నాడు, పైది ఇంకా రావట్లేదు.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం 5 లోపు స్లాట్ అడగండి, తర్వాత బండి పెట్టడానికి కూడా చోటుండదు.