రెండు క్రెడిట్ కార్డులు: ఒకేసారి అడగాలా, ఆగి అడగాలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బట్టల షాపులో పనిచేసే మా తమ్ముడు ఒకే వారంలో మూడు బ్యాంకుల్లో కార్డుకి అప్లై చేశాడు. మూడూ రిజెక్ట్. క్రెడిట్ రిపోర్టు (మన అప్పులు, వాటిని కట్టిన తీరు రాసుండే చిట్టా) తీస్తే ఎంక్వైరీల దగ్గర, అంటే ఆ రిపోర్టు ఎవరెవరు అడిగారో ఉండే చోట, మూడు బ్యాంకుల పేర్లు, తేదీలతో సహా వరసగా ఉన్నాయి. వాడి ముఖం చూస్తే జాలేసింది.

ఒకేసారి అడగడంలో ఒక లాభం ఉంది: మొదటి కార్డు రిపోర్టులోకి ఎక్కకముందే రెండోది అడిగేయొచ్చు. కానీ అప్లై చేసిన ప్రతిసారీ బ్యాంకు మన రిపోర్టు తీస్తుంది, ఆ గుర్తు ఉండిపోతుంది. అలాంటివి వరసగా కనిపిస్తే, ఈ మనిషికి డబ్బు కటకటగా ఉందని బ్యాంకు అనుకుంటుంది. స్థిరమైన జీతం, మంచి క్రెడిట్ స్కోరు (ఆ రిపోర్టును బట్టి మనకి వేసే మార్కు) ఉన్నవాళ్లు తట్టుకుంటారు. కొత్తవాళ్లకి మాత్రం నేను వద్దనే చెబుతాను.

ఆరు నెలలు ఆగితే, మొదటి కార్డు బిల్లు టైముకి పూర్తిగా కట్టిన చరిత్ర మన వెనక నిలబడుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలకి వివరాలు పంపాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది కాబట్టి, మంచైనా చెడైనా రిపోర్టులోకి త్వరగానే ఎక్కుతుంది. ఈలోగా మన రిపోర్టు మనం చూసుకోవచ్చు, దానివల్ల స్కోరు తగ్గదు.

తమ్ముడికి ముందు ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) హామీగా పెట్టి ఇచ్చే కార్డు తీయించాను. రెండోది సంక్రాంతి దాటాకే.