మందు తాగిన మర్నాడు: కొబ్బరి నీళ్లా, ఓఆర్‌ఎస్సా?

రెండు పెగ్గులతో ఆపినా కొందరికి తెల్లారేసరికి తలనొప్పి, నోరెండడం తప్పవు. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్‌ను మద్యం అణచివేస్తుంది. అందుకే రాత్రంతా మూత్రానికి లేవాల్సి వస్తుంది. పొద్దున్నే ఎవరైనా ఇచ్చే సలహా కొబ్బరి బోండాం.

రుచిలో దానికి సాటి లేదు. కడుపు తిప్పుతున్నా గొంతు దిగుతుంది. పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం మాత్రం తక్కువే. వాంతులైతే ఒంటికి కావలసింది ఆ సోడియమే.

ఓఆర్‌ఎస్ లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 సూత్రం ప్రకారం 20.5 గ్రాముల పొడిని లీటరు నీటిలో కలపాలి. అందులోని గ్లూకోజు, సోడియం కలిసి పేగు గోడ దాటుతూ నీటిని వెంట తీసుకెళతాయి. రుచి ఏమంత బాగుండదు, నిజమే. అరలీటరులో మొత్తం పొడి కలిపి ‘స్ట్రాంగు’గా తాగేవాళ్లున్నారు. అది పొరపాటు. రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు సంగతి, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు ఉప్పు, పొటాషియం రెండింటి సంగతీ డాక్టరును అడగాలి.

వాంతులుంటే నా ఓటు ఓఆర్‌ఎస్‌కే. ఉత్త నీరసమైతే బోండాం చాలు, ఉప్పేసిన మజ్జిగైనా సరే. అయితే హ్యాంగోవర్‌కు నీటి కొరత ఒక్కటే కారణం కాదు, కాబట్టి ఈ రెండూ తలనొప్పిని పూర్తిగా తీసేయలేవు. ముందురాత్రి అన్నం తిని, పెగ్గుకూ పెగ్గుకూ మధ్య గ్లాసుడు నీళ్లు తాగితే రెండింటి అవసరమూ తగ్గుతుంది.